పంతొమ్మిది పేజీల జాలి

"ఆ డేగిసా అక్కణ్ణించి కదిలిస్తే ఈ ఇంట్లో నేను మంచినీళ్ళు కూడా ముట్టను" అంది కొన్సింగ్.

ఎవరూ కదిలించలేదు. కదిలించే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు, బలమూ లేదు. ఇద్దరు మనుషులు చెరో చెవీ పట్టుకుంటే గాని లేవని డేగిసా అది. ఏళ్ళ తరబడి మార్కెట్టు పక్క దుకాణంలో బాచోయ్ అనే నూడుల్సు వంటకం కోసం పంది ఎముకల పులుసు కాచి కాచి దాని అడుగు నల్లగా మాడిపోయింది. నిన్న మధ్యాహ్నం కొన్సింగ్ దాన్ని మూడు చక్రాల బండి మీద వేయించుకొచ్చి, అన్నగారింటి హాల్లో, క్లయింట్లు కూర్చునే బల్లకి ఎదురుగా దింపించింది. "దుకాణం ఖాళీ చెయ్యాలిగా, చేస్తున్నా. ముందు ఇది" అంది. ఆ తర్వాత అన్నగారి మొహం చూసి ఒక్క మాట మాట్లాడలేదు.

అన్నగారంటే అటర్నీ హిల్డో గెల్వెజోన్. ఇలోయిలో ఊళ్ళో లాయరుని ఉత్త పేరుతో పిలవడం మర్యాద కాదు. పోయిన ఆయన భార్య కూడా పదిమందిలో అటర్నీ అనే పిలిచేది. ఇల్లు గాని, కొట్టు గాని అద్దెకిచ్చేవాళ్ళకి ఆయన ఒక ఒప్పందం తయారుచేసి పెట్టాడు. పేర్లూ, అద్దె అంకే మార్చుకుంటూ సగం ఊరు దాన్నే వాడుతుంది. కొన్సింగ్ మొగుడు బెర్తింగ్ బాచోయ్ దుకాణానికి సంతకాలు పెట్టిందీ దాని మీదే.

బెర్తింగ్ పోయి రేపటికి నెల. ఒప్పందంలో రాసి ఉన్నదాని ప్రకారం, అద్దెకున్నవాడు పోతే ఒప్పందమూ వాడితోనే పోతుంది. నెలలోగా యజమాని ఎదిసన్ దుకాణం స్వాధీనం చేసుకోవాలి. అంటే రేపు సాయంత్రానికి దుకాణానికి తాళం పడాలి.

భోజనాల బల్ల దగ్గర ముగ్గురే ఉన్నారు. అన్నాచెల్లెళ్ళ మధ్య కూర్చున్న మెదింగ్ పరిస్థితి, కప్పకీ పాముకీ నడుమ కూర్చున్నట్టుంది. ఆవిడ హిల్డో కూతురు, తనూ అటర్నీయే. తండ్రి కుడిచేయి పడిపోయినప్పటినుంచీ ఆఫీసు నడుపుతున్నది ఆవిడే.

"మెదింగ్, మీ తియాని రెండు ముద్దలు తినమను" అన్నాడు హిల్డో, కంచంలోకి చూస్తూ.

"మీ డాడీకి చెప్పు ఇందాయ్, ఈ అన్నానికి కూడా ఏవన్నా షరతులుంటే ముందే చెప్పమను. తిన్నాక తెలిస్తే కక్కలేను" అంది కొన్సింగ్, మేనకోడల్ని ముద్దుపేరుతో పిలుస్తూ.

మెదింగ్‌కి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇలోయిలో వాళ్ళు తిట్టినా జోల పాడినట్టే ఉంటుందని పక్క దీవులవాళ్ళు వెక్కిరిస్తారు. కొన్సింగ్ గొంతు అంతకన్నా మెత్తన. ఆ మెత్తదనంలో ఎన్ని ముళ్ళుంటాయో తిన్నవాళ్ళకే తెలుసు. మెదింగ్ తల్లి పోయిననాటికి దానికింకా పళ్ళూడలేదు. బడి వదలగానే పుస్తకాల సంచీతో నేరుగా ఆ దుకాణానికే పోయేది. మేనత్త, తియా కొన్సింగ్, గిన్నెడు పులుసు పోసి, అది ఊదుకుంటూ తాగుతుంటే వెనక కూర్చుని జడ వేసేది. ఆ జడలకి ఇవ్వాళ ఏం బదులిస్తుంది?

"నేనేం చేశానే?" అన్నాడు హిల్డో ఉండబట్టలేక. "ఊళ్ళో అందరికీ ఇచ్చిందే మీకూ ఇచ్చాను."

కొన్సింగ్ చెంచా కింద పెట్టింది. నిన్నటినుంచి మొదటిసారి అన్నగారి కళ్ళలోకి చూసి, అన్నని పిలిచే ఆ పాత పిలుపుతోనే పిలిచింది.

"అదే మానోంగ్ నువ్వు చేసింది. ఊళ్ళో అందరికీ ఇచ్చిందే మాకూ ఇచ్చావు."

ఆవిడ కంచం పక్కకి జరిపింది.

"మొదట్లో కాయితమెక్కడిది? ఎదిసన్ వాళ్ళమ్మా, మా ఆయనా చేతిలో చెయ్యేసుకున్నారు. అంతే. పాతికేళ్ళు నడిచింది. ఆవిడ అద్దె అడగడానికొచ్చి బాచోయ్ తిని పోయేది. నువ్వే ఊరుకున్నావు కాదు. 'అటర్నీ చెల్లెలై ఉండి కాయితం లేకుండా ఉంటావా, నలుగురూ నవ్వుతారు' అన్నావు. ఇంటి దీపమే కదా అని ముద్దెట్టుకున్నాం. మూతి కాలింది."

"కొన్సింగ్..."

"పంతొమ్మిది పేజీలు! ప్రతి పేజీకీ పక్కన ఒక సంతకం. మా ఆయన సంతకం పెట్టడానికి గరిట తిప్పినంత సేపు పడుతుంది, నీకు తెలుసుగా. సగానికొచ్చేసరికి చెయ్యి విదిలించుకుంటూ అడిగాడు. 'మానోంగ్, ఇంతకీ ఇందులో ఏముంది?' అని. నువ్వేమన్నావు?"

హిల్డో ఎడమచేత్తో మంచినీళ్ళ గ్లాసు దగ్గరికి జరుపుకున్నాడు.

"చెప్పు. గుర్తుందిగా."

"ఏం లేదు, మామూలు ఫారమే అన్నాను" అన్నాడాయన. గొంతు బల్ల చివరిదాకా కూడా వినపడలేదు.

"నా పేరు కూడా పెట్టమంటే ఒక్కరికే చోటుందన్నావు. దానికీ ఏదో కారణం చెప్పావు. ఎవరో మొగుడూ పెళ్ళాం విడిపోయి దుకాణం నాదంటే నాదని కొట్టుకున్నారని. ఎవరో కొట్టుకున్నారని నా పేరు తీసేశావు మానోంగ్."

కొన్సింగ్ కంచం తీసుకుని లేచింది. వంటింట్లో పంపు ధార మొదలైంది.

*

ఆ ఒప్పందం పుట్టినప్పుడు ఒక్క పేజీయే. హిల్డో లాయరైన కొత్తలో, కూతురు పుట్టకముందు, టైపు మిషను మీద తనే కొట్టుకున్నాడు. ఎవరు ఇస్తున్నారు, ఎవరు తీసుకుంటున్నారు, ఎంతకి, ఎన్నాళ్ళకి. చదువు రానివాడికి వినిపించినా తల ఊపేవాడు.

తర్వాత ఎవడో అద్దె కొట్లో పందెం పుంజుల్ని పెంచాడు. పుంజులు వద్దని ఒక వాక్యం కలిపారు. మరుసటేడు ఇంకొకడు, రాసింది పుంజులు కదా అని పెట్టల్ని తెచ్చాడు. కోళ్ళు వద్దని మార్చారు. ఒకడు బాతుల్ని తెచ్చాడు. రెక్కలున్నవేవీ వద్దంటే, రెక్కలు కత్తిరించి తెచ్చిన మహానుభావుడు కూడా ఆ ఊళ్ళో ఉన్నాడు. చివరికి ఆ ఒక్క సంగతే ముప్పావు పేజీ అయింది. బాల ఏసు విగ్రహాన్ని గోడలో సిమెంటుతో పాతుకున్న ఇల్లాలు ఖాళీ చేసేటప్పుడు గోడ పగలగొట్టి తీసుకుపోతానంది. దానికొక పేరా. తెల్లవార్లూ మైకు పట్టుకుని పాడిన దంతవైద్యుడికొక పేరా. ఆఫీసులో ఏ షరతుని ఆ షరతు కారకుడి పేరుతోనే పిలిచేవాళ్ళు. "బాతులాయన తర్వాత దంతాలాయన్ని పెట్టు" అంటే టైపిస్టుకి తెలిసేది. ఊరి గొడవలన్నీ అందులోనే ఉన్నాయి గాని, కాయితం మీద మాత్రం ఒక్క పేరూ ఉండదు. "సదరు" లూ, "పైన పేర్కొన్న" లూ మాత్రమే ఉంటాయి.

కలపడమే గాని తీసేయడం ఆ ఆఫీసులో లేదు. ఒకసారి మెదింగ్, కొత్తగా చేరినప్పుడు, ఒక పేరా ఎందుకుందో తెలీక తీసేద్దామంది. హిల్డో ఒప్పుకోలేదు. "ఎందుకుందో తెలిస్తే తీసెయ్యి. తెలీనప్పుడు ఉండనీ. తీసిన మర్నాడే అది కావలసొస్తే ఎవరిది పూచీ?" అన్నాడు. అది తెలివైన మాటే అనుకుంది మెదింగ్. ఆ మాట మీదే ఇన్నాళ్ళూ ఆఫీసు నడిపింది.

ఇప్పుడు, కొన్సింగ్ వంటిల్లు సర్దుతుంటే, తండ్రీకూతుళ్ళిద్దరూ ఆఫీసు గదిలో కూర్చున్నారు. మధ్యలో బెర్తింగ్ సంతకాలున్న ఒప్పందం ఉంది. పేజీ పేజీకీ పక్కన ఆ వంకర సంతకం, పోనుపోను చిన్నదవుతూ వచ్చింది. చివరి పేజీల్లో అది ఉత్త గీతే.

"డాడీ, చనిపోతే ఒప్పందం పోతుందని ఉందే, అదెవరిది?"

హిల్డో కిటికీ వైపు తిరిగాడు.

"నిన్నటినుంచీ అడుగుతున్నా. గుర్తులేదంటారు. బాతులాయన పెళ్ళాం పేరు కూడా గుర్తుంటుంది మీకు. ఇది గుర్తులేదా?"

"ఉంది" అన్నాడాయన. "సల్వాది."

"సల్వా ఎవరు?"

"మొగుడు దర్జీ. ఐదేళ్ళకి కొట్టు తీసుకుని, ఏడాది తిరక్కుండా పోయాడు. మూసిన కొట్టుకి మిగతా నాలుగేళ్ళ అద్దె కట్టమన్నాడు యజమాని. మొగుడి సంతకం పెళ్ళానికి చుట్టుకుంటుందని కోర్టూ అంది. నేను వాదించాను, ఓడిపోయాను." పడిపోయిన చేతిని ఒళ్ళోకి లాక్కున్నాడు. "తీర్పయ్యాక కోర్టు మెట్ల మీద కూర్చుంది. చంకలో పిల్ల. 'అటర్నీ, కుట్టు మిషను మంచి ధరకి ఎవరు కొంటారు?' అని నన్నే అడిగింది. నాకు తెలీదని చెప్పాను."

మెదింగ్ ఒప్పందంలో ఆ వాక్యమున్న పేజీ తిప్పింది.

"ఇంటికొచ్చి ఆ వాక్యం రాశాను. మొగుడు పోతే ఆ భారం కూడా వాడితోనే పోవాలి, ఏ విధవరాలి మెడకీ చుట్టుకోకూడదని. నేను రాసినవాటన్నిట్లో నాకు మంచిదనిపించింది అదొక్కటే, మెదింగ్. ఇప్పుడది నా చెల్లెలి మీదకే వస్తుందని నేననుకున్నానా?" ఆయన ఎడమచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

తర్వాత ఆ వాక్యం కింది వరస చదివి అన్నాడు. "కానీ నాది నెల అనలేదే. పోయాక ఖాళీ చెయ్యాలనీ అనలేదు. నాది వదిలిపెట్టడం. తాళం వెయ్యడం కాదు. ఆ నెల గడువు ఎక్కణ్ణించొచ్చింది?"

మెదింగ్‌కి అది ఎక్కణ్ణించొచ్చిందో తెలుసు. దుకాణం ఖాళీ చెయ్యమని నోటీసు వచ్చిన రోజే తెలుసు. తండ్రికి గుర్తు రాకూడదని మనసులో మొక్కుకుంటూ ఉంది కూడా.

"నాది డాడీ."

"నీదా?"

"మంగలి కొడుకులిద్దరూ. గుర్తుందా? తండ్రి పోయాక ఉండమనడు, పొమ్మనడు ఆ యజమాని. ఏడాది నానబెట్టాడు. వాళ్ళు గోడకి రంగు వేయించి, కొత్త కుర్చీలు కొన్నాక పొమ్మన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నానబెట్టడానికి వీల్లేకుండా చేద్దామనుకున్నా. నెలలోగా తేల్చుకుని తీసుకోవాలి, తీసుకోకపోతే పాత అద్దెకే మళ్ళీ పూర్తి గడువంతా వాళ్ళకిచ్చినట్టే అని రాశా. మీ వాక్యం కిందే అతికించా."

హిల్డోకి అప్పుడు జ్ఞాపకం వచ్చింది. అది చదివి ఆ రోజు ఆయన కూతురి భుజం తట్టాడు. "ఇక నేను పోయినా ఫరవాలేదు" అన్నాడు. ఇద్దరూ వెళ్ళి కొన్సింగ్ దుకాణంలో కూర్చున్నారు. పిల్ల మొదటి షరతు రాసిందని విని, ఎందుకో ఏమిటో తెలీకుండానే కొన్సింగ్ మేనకోడలి గిన్నెలో మూలుగ రెండింతలు వేసింది.

ఆ మూలుగ రుచి మెదింగ్‌కి ఇప్పుడు నాలిక మీదకి వచ్చింది.

తండ్రి ఒక విధవరాలి మీద జాలిపడ్డాడు. కూతురు ఇద్దరు పిల్లల మీద జాలిపడింది. రెండు జాలులూ ఒకదాని కింద ఒకటి చేరి, మూడో మనిషిని వీధిలోకి తోస్తున్నాయి.

*

దుకాణం యజమాని ఎదిసన్ సుప్లిదో సాయంత్రం కాకముందే వచ్చాడు. ఒక చేత్తో హెల్మెట్టూ, రెండో చేత్తో బిస్కోచో రొట్టెల పొట్లమూ పట్టుకుని గుమ్మంలో ఆగిపోయాడు. ఎదురుగా డేగిసా ఉంది.

"దా తోతో. చుట్టూ తిరిగి రా" అంది కొన్సింగ్, ఇంట్లో కుర్రాణ్ణి పిలిచినట్టు. "దానికి దారివ్వడం రాదు."

అతను కూర్చున్నాడు గాని, కుర్చీ చివరి అంచున కూర్చున్నాడు. తల్లి పోయాక ఆ కొట్టూ, దాని పక్క కొట్టూ అతనికీ తమ్ముడికీ వచ్చాయి, చూసుకునేది మాత్రం అతనే. హైస్కూల్లో లెక్కలు చెబుతాడు. ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగడు.

"తియా, మీ దుకాణం నాకెందుకు? పులుసు కాచడం నాకొచ్చా? తియో బెర్తింగ్ పోయిన నలభయ్యో రోజు ప్రార్థన అయ్యాక, మెల్లిగా వచ్చి అద్దె కొంచెం పెంచమని అడుగుదామనుకున్నా. అంతే. మనీలాలో మా తమ్ముడికి తెలిసిన లాయరు ఆ కాయితం చదివాడు. రేపటికి తాళం పడకపోతే, పదేళ్ళు పాత అద్దెకి రాసిచ్చినట్టేనట. ఊరికే ఉండే హక్కు కూడా నాకు లేదట." అతను మెదింగ్ వైపు తిరిగాడు. "నిజమేనా అటర్నీ?"

"నిజమే" అంది మెదింగ్.

"ఎవరు రాశారండీ అలాగ?"

కొన్సింగ్ అన్నగారినీ, మేనకోడలినీ మార్చి మార్చి చూసింది. అప్పుడే ఆవిడకి ఏదో అర్థమైనట్టుంది. అడగలేదు.

"నలభై రోజులదాకా బెర్తింగ్ తిరుగుతూనే ఉంటాడు" అంది, ఎదిసన్‌తో చెబుతున్నట్టు. "పొద్దున్నే దుకాణానికే వస్తాడు, ఇంకెక్కడికి పోతాడు? తాళం చూసి, డేగిసా లేదని చూసి, ఇది మా కొట్టు కాదేమో అనుకుంటాడు. అందుకే దాన్ని ఇక్కడ పెట్టా. వెతుక్కుంటూ ఇక్కడికే వస్తాడు. వచ్చి, మానోంగ్ ఇందులో ఏముంది అని మళ్ళీ అడుగుతాడు. ఈసారన్నా చదివి చెప్పండి."

హిల్డో తల దించుకున్నాడు. మెదింగ్ ఇక ఆగలేకపోయింది. సొరుగులోంచి తెల్లకాయితం ఒకటి లాగింది.

"ఇదంతా అక్కర్లేదు. కొత్తది రాద్దాం. పాతది రద్దు. ఇద్దరికీ ఇష్టమే కదా? ఇంకేం కావాలి?"

రాసింది. ఎదిసన్ సుప్లిదో తన దుకాణాన్ని కొన్సింగ్‌కి అద్దెకిస్తున్నాడు. అద్దె ఇంత. ప్రతి నెలా మొదట్లో ఇస్తుంది. మూడు వాక్యాలు. పైకి చదివి వినిపించింది. ఎదిసన్ మొహం విప్పారింది. కొన్సింగ్ కూడా ముందుకి వంగింది. నిన్నటినుంచీ ఆ ఇంట్లో బిగపట్టి ఉన్న గాలి ఒక్కసారిగా వదులైనట్టయింది.

"గడువు రాయలేదు" అన్నాడు హిల్డో. చింత చచ్చినా పులుపు చావదు.

"అవును, గడువు. ఐదేళ్ళు చాలా తియా?"

"చాలు. కానీ ఒకవేళ ఎదిసన్ అమ్మేస్తే?" అంది కొన్సింగ్.

"అమ్మను తియా!"

"నువ్వు అమ్మవులే. మీ తమ్ముడున్నాడుగా."

అదీ నిజమే. కొన్నవాడు కూడా దీనికి కట్టుబడాలని రాసింది మెదింగ్. అయితే తమ్ముడి సంతకం కూడా కావాలన్నాడు హిల్డో. తమ్ముడు మనీలాలో ఉన్నాడు కాబట్టి, అతని తరఫున ఎదిసన్ పెడుతున్నట్టు ఒక వాక్యం రాయాలి. అలా పెట్టే అధికారం తనకుందని ఎదిసన్ హామీ ఇస్తున్నట్టు ఇంకో వాక్యం. అద్దె పెంచే మాట వచ్చింది. ఎంతకి మించకూడదు? పైకప్పు కారితే ఎవరు బాగుచేయించాలి? పోయిన తుపానుకి ఎగిరిపోయినట్టు రేకులే ఎగిరిపోతే?

"ఒకవేళ..." అన్నాడు ఎదిసన్, గొంతు సవరించుకుని. "ఏమనుకోకండి తియా. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి. కానీ ఒకవేళ..."

"నేను చస్తే, అనేగా?"

అతను హెల్మెట్ వైపు చూశాడు.

మెదింగ్ కాయితం తిప్పింది. మొదటి వైపు నిండిపోయింది. వెనక వైపు పైన పెన్ను ఆనించి తండ్రి వైపు చూసింది.

"ఆవిడతో ముగుస్తుందని రాయి" అన్నాడు హిల్డో. వెంటనే, "వద్దు, వద్దు" అన్నాడు.

"ముగియదని రాయనా?"

"అప్పుడు ఆవిడ తర్వాతవాళ్ళ మెడకి చుట్టుకుంటుంది. సల్వా..."

"మరి వాళ్ళకిష్టమైతే ఉండొచ్చని రాస్తా."

"ఎన్నాళ్ళలోపు చెప్పాలి? ఎదిసన్ ఎన్నాళ్ళు ఎదురుచూడాలి?"

పెన్ను కాయితం మీదే ఉండిపోయింది. సిరా ఒక చుక్కై ఊరింది. తండ్రీకూతుళ్ళిద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పంతొమ్మిది పేజీలు ఎలా అవుతాయో ఇద్దరికీ ఒకేసారి కనపడింది. ఎవరో దుర్మార్గుడు కూర్చుని రాయనక్కర్లేదు. ఎదురుగా కూర్చున్నవాళ్ళ భయం పోగొడదామనుకుంటే చాలు.

కొన్సింగ్ చెయ్యి చాచి ఆ కాయితం మీద అరచెయ్యి ఆనించింది.

"చాల్లే ఇందాయ్. ఆపు."

"కాదు తియా, ఇది ఒక్కటీ తేలితే..."

"తేలదు. నేనూ అడిగా కదా ఒకవేళలు. నాకూ భయమే మరి." ఆవిడ గొంతులో ముళ్ళు లేవిప్పుడు, అలసట ఉంది. "మీరు మంచివాళ్ళు కాదని నేననను. ఇంతసేపూ చూశాగా. ఆ సల్వా ఎవరో నాకు తెలీదు. ఇందాయ్, నువ్వెవరి మీద జాలిపడ్డావో అదీ తెలీదు. పంతొమ్మిది పేజీలు నింపారు. ఊళ్ళో అందరి మీదా జాలిపడి రాశారు. అందులో నా మీద పడింది మాత్రం ఒక్క వాక్యం లేదు. ఎందుకంటే అప్పటికి నేనింకా ఏడవలేదు."

"కొన్సింగ్, నన్ను క్షమించు" అన్నాడు హిల్డో. చిన్నప్పుడు కూడా చెల్లెల్ని ఆ మాట అడిగిన మనిషి కాదు.

ఆవిడ ఎదిసన్ వైపు తిరిగింది. చేతిని నల్లటి గౌనుకి తుడుచుకుని ముందుకి చాచింది.

"తోతో, మీ అమ్మ మా ఆయన చేతిలో ఇలాగే చెయ్యేసింది. నేను బతికున్నన్నాళ్ళూ పులుసు కాస్తా, నీకు అద్దె ఇస్తా. నీకు చాలకపోతే వచ్చి చెప్పు, నాకు కుదరకపోతే నేనొచ్చి చెబుతా. అంతే. వేస్తావా?"

ఎదిసన్ లేచి నిలబడ్డాడు. హెల్మెట్ కుర్చీలో పెట్టాడు. చెయ్యి సగం దాకా చాచాడు. అక్కడ ఆగింది ఆ చెయ్యి. అతను మెదింగ్ మొహంలోకి చూశాడు. పాపం, బళ్ళో పిల్లల్లాగే అడిగాడు.

"అటర్నీ, వెయ్యొచ్చా?"

వెయ్యి అనడానికే మెదింగ్ నోరు తెరిచింది. ఆ ఒక్క మాట అంటే చాలు. చిన్నప్పటి జడలన్నీ గుర్తొచ్చాయి, వెనక కూర్చుని నెత్తిన నూనె రాస్తూ పాడిన పాట గుర్తొచ్చింది. మనస్ఫూర్తిగా అనబోయింది. అదే క్షణంలో, పిలవకుండానే, ఇంకొకటి కూడా వచ్చి పక్కన నిలబడింది. పాత ఒప్పందం రద్దయినట్టు రాత లేదు. రేపు తాళం పడదు. తమ్ముడు కోర్టుకెళ్తే...

"వెయ్యి ఎదిసన్" అంది. "కాకపోతే..."

ఎదిసన్ చెయ్యి ఆగిన చోటే ఉంది. కొన్సింగ్ చెయ్యి కూడా ఇంకాస్సేపు అలాగే ఉంది. తర్వాత ఆవిడ దాన్ని వెనక్కి తీసుకుంది. కోపంగా తీసుకోలేదు. ఎండలో ఆరేసిన బట్ట ఆరిందో లేదో చూసి చెయ్యి తీసుకున్నట్టు తీసుకుంది. నిన్నటినుంచీ మొదటిసారి నవ్వింది కూడా. ఆ నవ్వు మెదింగ్ చూడలేకపోయింది.

"ఆ చెవి పట్టుకో తోతో" అంది కొన్సింగ్, డేగిసా దగ్గరికి నడిచి.

"ఎక్కడికి తియా?"

"దుకాణానికి. రేపు పొద్దున నేను పొయ్యి రాజేస్తా. నువ్వు తాళం తెచ్చుకో. అప్పటికి చేతికి ఏది తోస్తే అది చెయ్యి. ఎవర్నీ అడక్కు."

ఎదిసన్ ఒకసారి హిల్డో వైపు చూశాడు, ఒకసారి మెదింగ్ వైపు చూశాడు. తర్వాత వంగి రెండో చెవి పట్టుకున్నాడు. తనే తాళం వెయ్యాల్సిన దుకాణానికి తనే డేగిసా మోసుకుంటూ గుమ్మం దాటాడు. వీధిలో బండివాడిని కేకేస్తున్న కొన్సింగ్ గొంతు మెత్తగా వినిపించింది.

హిల్డో ఎడమచేత్తో తెల్లకాయితాన్ని దగ్గరికి లాక్కున్నాడు. నిండిన వైపు ఒకసారి, ఖాళీ వైపు ఒకసారి చూశాడు.

"ఏమనబోయావు మెదింగ్?" అన్నాడు. "కాకపోతే... తర్వాత?"

మెదింగ్ డేగిసా ఉన్న చోటు వైపు చూస్తోంది. గచ్చు మీద గుండ్రంగా మసి మరక మిగిలింది. తండ్రి అడిగిందానికి జవాబు వెతుక్కుంది. ఆ మాట తర్వాత ఏం చెప్పాలనుకుందో ఎంత ఆలోచించినా ఆవిడకి గుర్తు రాలేదు.